శుక్రవారం ఉపవాసం, రాత్రి పదకొండింటి అన్నం

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు 41 ఏళ్లు. కోనసీమలో ఉంటాం. మావారు కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 84 కిలోలు. పోయిన ఏడాది షుగరు బయటపడింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల పొద్దున ఒకటి వేసుకుంటాను. ప్రతి శుక్రవారం మందిరంలో ఉపవాస ప్రార్థన. సాయంత్రం నాలుగున్నర దాకా మంచినీళ్లు కూడా ముట్టను, బిళ్ల మాత్రం మానను. ఈమధ్య రెండుసార్లు ప్రార్థనలో ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనున్న అక్క ‘ఆత్మ నిన్ను ముట్టాడు’ అంది. జనవరిలో 21 రోజుల దానియేలు ఉపవాసం చేసి నాలుగు కిలోలు తగ్గాను. ఈస్టరు నాటికి ఐదు పెరిగాను. ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి వంటింట్లో నిలబడి గిన్నెల్లో మిగిలిన అన్నం, కూర ఊడ్చుకుని తింటాను. తిన్నాక ఏడుపొస్తుంది. తిండిపోతుతనం పాపమని ఒక ప్రసంగంలో విన్నాను. దేవుడికి నేనంటే అసహ్యం కలిగిందా? బరువు తగ్గించమని ప్రార్థన చేయొచ్చా? మా పాస్టరమ్మగారు ‘అవి శరీర సంబంధమైనవి, ఆత్మ సంబంధమైనవి అడుగు’ అన్నారు. ఇంకో చిన్న సంగతి, బల్లలో, అంటే ప్రభురాత్రి భోజనంలో ఇచ్చే ద్రాక్షరసం తియ్యగా ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లు తీసుకోవచ్చా?
– ఒక సోదరి

జవాబు: వందనాలమ్మా. మీరు అడిగినవాటికంటే ముందు, అడగకుండా మధ్యలో చెప్పి వదిలేసిన మాట దగ్గర ఆగాలి. చెమటలు, చేతుల వణుకు, కళ్లు బైర్లు కమ్మడం. ఇవి షుగరు పడిపోతున్నప్పుడు కనబడే గుర్తులు. మీరు వేసుకునే బిళ్లలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే ఇంత గాభరా పడనక్కర్లేదు. గ్లిమిపిరైడ్ సంగతి వేరు. మీరు తిన్నారా లేదా అని అది చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. పొద్దున బిళ్ల వేసుకుని, సాయంత్రం దాకా మెతుకు ముట్టకపోతే రక్తంలో చక్కెర జారిపోతుంది. ఇంకాస్త జారితే మాట తడబడుతుంది, మనిషి స్పృహ తప్పుతుంది. మందిరంలో మోకాళ్ల మీద ఉన్న మనిషి పక్కకు ఒరిగిపోతే చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా? ఇంకా గట్టిగా స్తోత్రాలు చెబుతారు. ఆ నాలుగు నిమిషాల్లో నోట్లో గ్లూకోజు పడాల్సింది పోయి తల మీద నూనె పడుతుంది. పరిశుద్ధాత్మ పనిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఆ అక్క మంచి మనసుతోనే అని ఉంటుంది. కానీ ఆమె దగ్గర గ్లూకోమీటరు లేదు కదా.

కాబట్టి వచ్చే శుక్రవారం లోపే మీ డాక్టరుగారిని కలవండి. ‘వారానికో రోజు ఉపవాసం ఉంటున్నాను, రెండుసార్లు ఇలా అయింది, ఆ రోజు ఏ బిళ్ల వేసుకోవాలి, ఏది వద్దు’ అని సూటిగా అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే ముస్లిం సోదరసోదరీలకు డాక్టర్లు బిళ్లల వేళలు, మోతాదులు మార్చి ఇస్తూనే ఉంటారు. వాళ్లు అడుగుతారు, మనం అడగం, తేడా అంతే. డాక్టరుగారు చెప్పేదాకా ఖాళీ కడుపుతో ఉపవాసం వద్దు. అలాగని సొంతంగా బిళ్ల ఆపేయడమూ వద్దు. ఈలోగా ఎప్పుడైనా ఆ చెమటలు, వణుకు వస్తే అక్కడే కూర్చుని మూడు టీస్పూన్ల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూసుకుని, తగ్గకపోతే ఇంకోసారి తాగండి, తగ్గాక కాస్త ఏదైనా తినండి. మీటరులో 70 కంటే తక్కువ కనబడితే ఆ రోజుకు ఉపవాసం అయిపోయినట్టే. హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన గ్లూకోజు ప్యాకెట్టు కూడా ఉండాలి.

డాక్టరుగారిని ఇంకో మాట కూడా అడగండి. గ్లిమిపిరైడ్ రకం బిళ్లలతో కొందరికి బరువు కొంచెం పెరుగుతుంది. బరువు పెంచని మందులు కూడా ఉన్నాయి. మీకు ఏది సరిపోతుందో తేల్చాల్సింది ఆయనే, కానీ బరువు తగ్గాలని మీరు ప్రయత్నిస్తున్న సంగతి ఆయనకు తెలియాలి. థైరాయిడ్ పరీక్ష చేయించి చాలాకాలమైతే అదీ చేయించండి. ఇన్నాళ్లూ మీ విశ్వాసలోపం అనుకున్నదాంట్లో కొంత భాగం మందులచీటీలో ఉండొచ్చు.

ఉపవాసంలో నీళ్లు కూడా తాగకూడదని ఎవరు పెట్టారో గానీ, మే నెల కోనసీమ ఉక్కపోతలో షుగరు ఉన్న మనిషికి అది ప్రమాదం. నియమాల్లో గట్టివాళ్లని మనం అనుకునే కతోలిక సంఘంలో కూడా, భస్మ బుధవారం, శుభ శుక్రవారాల్లో ఒక పూట పూర్తి భోజనం, రెండుసార్లు చిన్న ఫలహారం చేయొచ్చు. జబ్బుపడినవాళ్లకు ఆ నియమం లేదు. ప్రభువు ఉపవాసం గురించి మాట్లాడినప్పుడు తల అంటుకొని ముఖం కడుక్కోమన్నాడు, మనుషులకు కనబడేలా చేయొద్దన్నాడు. ఎన్ని గంటలో, నీళ్లు తాగాలో వద్దో లెక్క పెట్టలేదు. మీరు మజ్జిగ తాగి ప్రార్థనకు కూర్చున్నా అది ప్రార్థనే. ఆ రోజుకు ఫోను మానేయండి, సీరియల్ మానేయండి, మనసుకు నిజంగా కష్టమైనది ఏదుంటే అది మానేయండి. ఆ అక్క ఏమనుకుంటుందో అన్న బెంగ కూడా మానేయగలిగితే మంచిది.

ఇక మీ అసలు ప్రశ్న. బరువు తగ్గించమని దేవుణ్ణి అడగొచ్చా?

ప్రభువు నేర్పిన ప్రార్థన రోజూ చెబుతాం కదా. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్నాకే ‘మా ఋణములు క్షమించుము’ వస్తుంది. ముందు అన్నం, తర్వాత పాపక్షమాపణ. పాస్టరమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, శరీరానిది ఒక అర, ఆత్మది ఒక అర అని ఆ ప్రార్థన విడదీయలేదు. యాయీరు కూతుర్ని బతికించిన వెంటనే ప్రభువు అక్కడున్నవాళ్లకు చెప్పిన పని ఏమిటి? ఆ పిల్లకు అన్నం పెట్టమని. మృతుల్లోంచి లేచాక శిష్యుల కోసం ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి ‘రండి, భోజనం చేయండి’ అన్నాడు. నిప్పుల మీద కాల్చిన చేపలు! కోనసీమవాళ్లం ఆ ముక్క గుర్తుపెట్టుకోవాలి, మూకుడు నిండా నూనె పోసి వేయించే మనకు అందులో కొంచెం పాఠముంది.

కాబట్టి అడగండి. అయితే ఏం అడగాలో చూసుకోండి. ‘పది కిలోలు తీసెయ్యి ప్రభువా’ అంటే తెల్లారేసరికి జరిగేది ఏమీ ఉండదు, వారంలో నిరాశ వస్తుంది. ‘ఈరోజు మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టుకోకుండా లేచే ఓపిక ఇవ్వు’ అనేది ఆ రోజుకు సరిపడే ప్రార్థన. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన ఆహారం, మన్నా కథ గుర్తుచేసుకోండి. ఏ రోజుది ఆ రోజే. రేపటికి దాచుకున్నవాళ్లది పురుగుపట్టింది. ఆరు నెలల క్రమశిక్షణ అంతా ఒకేసారి దయచేయమని అడిగితే దొరకదమ్మా. ఇవాళ్టిది ఇవాళ దొరుకుతుంది.

హిజ్కియా రాజు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే ‘బిళ్లలు మానెయ్, విశ్వసించు’ అనేవాళ్లు మీకు ఏదో ఒక కూటంలో తప్పకుండా తగులుతారు. జబ్బుతో చావుకు దగ్గరైనప్పుడు ఆయన గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేస్తే దేవుడు ఆయుష్షు 15 ఏళ్లు పెంచుతానన్నాడు. అంత మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. దేవుడి మాటా ఉంది, మందూ ఉంది. మన తెలుగు సంఘాల చరిత్రే అలాంటిది. డాక్టర్ అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. ప్రార్థన చాలనుకుంటే ఆమె అంత దూరం స్టెతస్కోపు మోసుకొచ్చి ఉండేది కాదు.

దేవుడికి మీరంటే అసహ్యమా అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. సువార్తల్లో ‘తిండిబోతు’ అన్న తిట్టు ఎవరికి పడిందో తెలుసా? యేసుప్రభువుకే. పదిమంది ఇళ్లకు వెళ్లి, అందరితో కూర్చుని తిన్నందుకు ఊళ్లో పెద్దమనుషులు ఆయన్ని అన్న మాట అది. ఇక తిండిపోతుతనం పాపమని విన్నారు, నిజమే, సామెతల గ్రంథంలో హెచ్చరికలున్నాయి. కానీ ఆ పాపాన్ని కాటా మీద తూచలేం. నాకు తెలిసిన సన్నటివాళ్లలో మంచి తిండిపోతులున్నారు, వాళ్ల మీద ఎవరూ ప్రసంగం చేయరు. ఒంటి బరువులో వంశం ఉంది, కాన్పులున్నాయి, మందులున్నాయి, నిద్ర చాలకపోవడం ఉంది, చవగ్గా కడుపు నింపేది తెల్లన్నమే కావడం ఉంది. మనుషులు పైరూపాన్ని లక్ష్యపెడతారని, తాను హృదయాన్ని లక్ష్యపెడతానని సమూయేలుతో అన్న దేవుడు మీ నడుము కొలత చూసి మొహం తిప్పుకుంటాడా?

ఇప్పుడు రాత్రి పదకొండింటికి వద్దాం. మీ ఉత్తరమంతా నాకు అక్కడే ఉన్నట్టు అనిపించింది.

ఒకటి, మీరు పగలంతా ఏం తింటున్నారో రాయలేదు. మన ఇళ్లలో ఆడవాళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి ఊహిస్తున్నాను. పొద్దున పిల్లల క్యారేజీల హడావిడిలో టీతో సరి. మధ్యాహ్నం అందరికీ పెట్టాక, రాత్రి కూడా అందరి తర్వాత. ఇలా అయితే రాత్రి ఆకలి పాపం కాదు, పగటి బాకీ. పొద్దున ఎనిమిదిన్నరలోపు కడుపుకి నిలిచేది ఏదైనా తినండి. గుడ్డు, పెసరట్టు, ఉడికించిన శనగలు, ఏదైనా. రాత్రి భోజనం ఎనిమిదికల్లా పిల్లలతో కలిసి కూర్చుని చేయండి, వడ్డించి తర్వాత తినడం కాదు.

రెండోది, గిన్నెలో మిగిలింది పారేయలేక తినడం. అయిదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం అయ్యాక ‘ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి’ అన్నాడు ప్రభువు. పోగుచేసింది పన్నెండు గంపల్లోకి. శిష్యుల కడుపుల్లోకి కాదు. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మూతపెట్టండి, పొద్దున మజ్జిగ కలిపి చద్దన్నంగా అందరికీ కొంచెం కొంచెం వస్తుంది. కూర ఫ్రిజ్‌లోకి. గిన్నెలు తొమ్మిదింటికే కడిగేసి, వంటింట్లో లైటు తీసేయండి. అర్ధరాత్రి దాకా గిన్నెలు అలాగే ఉంటే, ఖాళీ చేసే పని మీ మీదే పడుతుంది.

మూడోదాన్ని మీరే ఇంకో రకంగా చెప్పారు. అందరూ పడుకున్నాక. ఇంటి బరువంతా ఒక్కరే మోస్తూ, ఎవరూ ‘తిన్నావా’ అని అడగని మనిషికి ఆ గంటలో అన్నం ఒక్కటే తోడు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని ‘ప్రాణం తీసెయ్యి’ అన్నప్పుడు దేవదూత ఆయనకు వాక్యోపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి, ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము’ అన్నాడు. అలసినవాడి ఆకలికి దేవుడు కోప్పడిన దాఖలా అక్కడ నాకు కనబడలేదు.

మీకు పదకొండైతే కువైట్‌లో ఎనిమిదిన్నర. మీవారు డ్యూటీ దిగే వేళేమో చూడండి. ఆ గంటకు ఫోను ఆయనకు చేయండి. ఖర్చులు, ఫీజులు తర్వాత, ముందు మీ సంగతి చెప్పండి. ఆయనకు వీలుకాని రోజున ఒక కీర్తన పైకి చదవండి. మనసులో కాదు, గొంతు వినబడేలా చదవండి, ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి గొంతు ఉండటం కూడా అవసరమే. అప్పటికీ ఆకలిగానే ఉంటే తినండి. ఒక పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, భోజన ప్రార్థన చేసుకుని తినండి. నిలబడి గిన్నెలోంచి తినేటప్పుడు మనం స్తోత్రం చెప్పం, గమనించారా? దొంగతనంగా తింటున్నట్టు ఉంటుంది, అందుకే తర్వాత ఏడుపు. దేవుడి ముందు పళ్లెం పెట్టుకుని తింటే అది మామూలు భోజనమైపోతుంది, సాధారణంగా తక్కువతోనే ఆగుతుంది కూడా.

వారంలో చాలా రాత్రులు ఇలా చెయ్యి ఆగకుండా తినడం, తర్వాత కుమిలిపోవడం జరుగుతుంటే అది వైద్యం ఉన్న సమస్యే. డాక్టరుగారికి చెప్పండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. సలహా తీసుకోవడం విశ్వాసం లేకపోవడం కిందికి రాదు.

దానియేలు ఉపవాసం గురించి. దానియేలు మొదటి అధ్యాయంలో శాకధాన్యాదులు, నీళ్లు పది రోజులు. పదో అధ్యాయంలో మూడు వారాలు మాంసం, ద్రాక్షరసం ముట్టలేదు, మన 21 రోజులు అక్కడివే. రెండుచోట్లా ఆయన బరువు చూసుకోలేదు. మొదటిది రాజు భోజనంతో అపవిత్రం కాకూడదని, రెండోది దుఃఖప్రాప్తుడై. మీరు 21 రోజులు కూర, కాయ, పప్పు తిని నాలుగు కిలోలు తగ్గారంటే అందులో కొంత ఒంట్లో నీరే. 22వ రోజు పాత పళ్లెం మళ్లీ వచ్చింది, బరువూ వచ్చింది. దీనికి సైతానుతో పనిలేదు, లెక్క ఒక్కటే చాలు.

ఇలా కూర, కాయ, పప్పు తినడాన్నే ఏళ్ల తరబడి చేసినవాళ్లున్నారు. శనివారం ఆరాధించే అడ్వెంటిస్టు సంఘస్థులను మీరు చూసే ఉంటారు, నూజివీడులో వాళ్ల గిఫర్డ్ ఆసుపత్రి ఉంది. వాళ్లలో చాలామంది విశ్వాసంలో భాగంగానే పొగ, మద్యం ముట్టరు, మాంసం తగ్గిస్తారు లేదా మానేస్తారు. అమెరికాలో ఆ సంఘంవాళ్ల మీద పెద్ద ఎత్తున పరిశోధన జరిగింది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ తినని వాళ్లలో ఎత్తుకు బరువు సూచీ (బీఎంఐ) సగటున 23.6 ఉంటే, మాంసాహారుల్లో 28.8 ఉంది. అలాగని రేపటినుంచి కోడి, చేప మానేసి, బరువు తగ్గిపోతుందని కూర్చోకండి. మనవైపు శాకాహారమంటే గుట్టంత అన్నం, ఆవకాయ, నెయ్యి, అప్పడాలు. దానికి ఏ దానియేలూ పూచీపడడు. చేపల పులుసు మీకు మేలే చేస్తుంది. పళ్లెంలో చేప కాదు సమస్య, దాని కిందున్న అన్నం.

మన భోజనం నడక చూడండి. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఇంకోసారి. నాలుగు దఫాలు. ప్రతిసారీ ‘కొంచెమే’ పెట్టుకుంటాం. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు, నాలుగు కొంచేలు కలిస్తే అరకిలో దాటిపోవడం వింతేమీ కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా ఇదే, పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. మీరు చేయాల్సింది, నాలుగు దఫాలకూ కలిపి అన్నం ఒకేసారి పళ్లెంలో పెట్టుకోవడం. ఆ రాశి చూసి మీకే తెలుస్తుంది. దాంట్లోంచి మూడో వంతు తీసి, ఆ జాగాలో బీరకాయో, గోరుచిక్కుడో, తోటకూరో పెట్టండి. కూర ముందు తినండి, అన్నం తర్వాత. మీ నలుగురి ఇంటికి నెలకు రెండు లీటర్ల నూనె దాటకుండా చూసుకోండి. టీలో పంచదార ఆపండి, ఇది మాత్రం బేరాల్లేని మాట. ఒక హెచ్చరిక. అన్నం తగ్గించాక ఉపవాసం లేని రోజుల్లో కూడా షుగరు పడిపోవచ్చు, బిళ్ల మోతాదు తగ్గించాల్సి రావచ్చు. అందుకే డాక్టరుగారి చెవిన వేయకుండా ఇవేవీ మొదలుపెట్టొద్దు.

లక్ష్యం 80 కిలోలు పెట్టుకోండి. పెళ్లినాటి బరువు కాదు. మీ బరువులో 5 శాతం అంటే నాలుగు కిలోల పైచిలుకు. అంత తగ్గినా షుగరులో, బీపీలో తేడా కనబడుతుంది. దానికి మూడునాలుగు నెలలు పట్టినా ఆలస్యమైనట్టు కాదు. కాటా వారానికోసారి ఎక్కితే చాలు.

సంఘం సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తికాదు. మన కూటాల్లో భోజనాల బల్ల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది. ఉపవాసం విడవగానే బిర్యానీ ప్యాకెట్టు, మిరపకాయ బజ్జీ, తియ్యటి టీ. గృహకూటానికి వెళితే బూందీ, స్వీటు, కూల్‌డ్రింకు. డిసెంబరు ఒకటో తారీఖు నుంచి సెమీ క్రిస్మస్‌లు, ప్రతి వీధిలో కేకు. వద్దంటే ‘ప్రార్థన చేసిన ఆహారం, ఏం కాదు’ అంటారు. ‘మీ ముందర పెట్టినవి తినుడి’ అని వాక్యం కూడా చూపిస్తారు. ఆ మాట ఊరూరా తిరిగే శిష్యులతో ప్రభువు అన్నది, పెట్టిందాంట్లో వంకలు వెతకొద్దని. షుగరున్న సోదరికి రెండో లడ్డూ బలవంతంగా పెట్టమని కాదు. తోటి విశ్వాసికి అడ్డం కలుగుతుందంటే నేను మాంసమే మానేస్తానన్నాడు పౌలు. అలాంటప్పుడు మీలాంటి వాళ్లు పదిమంది ఉన్న స్త్రీల సమాజం బజ్జీలు మానలేదా?

మీ పాస్టరమ్మగారికి ఇదే పని అప్పజెప్పండి. ‘నాకోసం’ అనొద్దు. ‘మన సమాజంలో షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఎందరో లెక్కపెడదాం అమ్మగారూ’ అనండి. చేతులెత్తేవాళ్లను చూశాక ఆవిడే ఆలోచిస్తారు. శుక్రవారం ఉపవాసం మజ్జిగ, గుగ్గిళ్లు, జామకాయ ముక్కలతో విడిస్తే ఖర్చు కూడా తగ్గుతుంది, ఆ మాట సంఘపెద్దలకు బాగా వినబడుతుంది. కాలిఫోర్నియాలో శాడిల్‌బ్యాక్ అనే పెద్ద సంఘం 2011లో దానియేలు పేరు మీదే ఆరోగ్య కార్యక్రమం పెట్టింది. వాళ్లు నమ్ముకున్నది చిన్న చిన్న గుంపులను, కలిసి వండుకోవడం, కలిసి నడవడం, ఒకరినొకరు కనిపెట్టుకోవడం. అలాంటి గుంపులు మనకు గృహకూటాల రూపంలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో మనం చేస్తున్నదల్లా స్వీటు పంచడం.

నడకకు ఒక్కరే వెళ్లలేరు కాబట్టి ఇద్దరు సోదరీల్ని కూడగట్టుకోండి. కాలవ గట్టు మీద పొద్దున అరగంట, వారంలో ఐదు రోజులు. దారిలో ఎవరి ఇంటి ముందు నుంచి వెళుతుంటే ఆ ఇంటి కోసం ప్రార్థించుకుంటూ నడవండి, ప్రార్థనా అవుతుంది, ఊరి కబుర్లూ తగ్గుతాయి. పూర్తిగా తగ్గుతాయని నేను హామీ ఇవ్వను.

మీ బరువును మైకులో ప్రార్థనాంశంగా చదివించుకోవద్దు. మూడు కిలోలు తగ్గగానే సాక్ష్యం చెప్పడానికి లేవొద్దు కూడా. సాక్ష్యం చెప్పాక ఒక కిలో తిరిగొస్తే ఆ సిగ్గుతో మందిరానికే రావడం మానేసినవాళ్లున్నారు. నమ్మకమైన మనిషి ఒక్కరు చాలు, ఆమెకు అన్నీ చెప్పండి, రాత్రి పదకొండింటి సంగతితో సహా. ఏ వారమైనా తప్పితే, తప్పింది ఆ వారం ఒక్కటే అనుకోండి, మర్నాడు పొద్దున మళ్లీ చిన్న ప్రార్థన, మళ్లీ అదే పళ్లెం.

అత్తయ్యగారికి ఇవన్నీ చెప్పి ఒప్పించాలని చూడకండి. ఇంటికి నూనె, పంచదార తక్కువ తెస్తే చాలు. ఆవిడ వయసుకు అదీ మేలే.

బల్లలో ఇచ్చే ద్రాక్షరసం గురించి అడిగారు. ఆ గుక్కెడుకు షుగరు పెరగదు, నిశ్చింతగా తీసుకోండి. ఆరాధన అయ్యాక బయట ఇచ్చే టీ మాత్రం పంచదార లేకుండా ఇమ్మనండి, లేదా వద్దని చెప్పి చెరువుగట్టు వైపు నుంచి నడిచి ఇంటికి వెళ్లండి.